బావి తూచిన మంచు

ఊరు పుట్టిన ముప్పై ఒకటో ఏడు, మాఘ శుద్ధ చవితి

ఈ పొద్దున బావిలో నీళ్ళు పెరిగాయి. పెరగడానికి కారణం ఏదీ కనపడటం లేదు.

రాత్రంతా మంచు పడింది. మూత మీది మంచు దులిపి, గొళ్ళెం తీసి, టేపు లోపలికి వదిలాను. టేపు కొసనున్న గుండు నీటిని తాకగానే పైన చిన్న కూత వస్తుంది. కూత వచ్చిన చోట వేలు పెట్టి చదివాను. నిన్న టేపు మీది ఎర్రగీతకు మూడు సెంటీమీటర్లు పైనున్న నీరు ఇవాళ ఐదున్నర దగ్గరుంది. టేపు పైకి లాగి మళ్ళీ వదిలాను. అంతే ఉంది.

నేల గడ్డకట్టి ఉంది. గునపం వేస్తే నిప్పురవ్వ లేస్తుంది. పడిన మంచులో ఒక్క చుక్క కరగలేదు. కరిగినా ఇంత లోతుకు దిగడానికి ఏళ్ళు పడుతుంది. ఎందుకంటే మా కింద ఉన్నది మామూలు మట్టి కాదు. ఒకప్పుడు ఈ లోయ నిండా ఉన్న మంచునది వెనక్కి జరుగుతూ వదిలేసిపోయిన మట్టి. బంక, ఇసుక, గుండ్రాళ్ళు అన్నీ కలిపి ఎవరో పిసికి పెట్టినట్టు ఉంటుంది. మావాళ్ళు దాన్ని రాళ్ళబంక అంటారు. అందులో నీరు నడవదు, పాకుతుంది.

మరి ఒక్క రాత్రిలో రెండున్నర సెంటీమీటర్లు ఎలా వచ్చాయి?

ఈ బావిలోంచి ఎవరూ నీళ్ళు తోడరు. తాగే నీళ్ళకు దిగువన వేరే బోర్లున్నాయి. ఇది నేలలో నీరు ఎంతుందో చూసే బావి. దీన్ని చూడటం తాతబ్బాయి మాస్టారి పని. కార్తీకంలో ఆయన జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాక నాకొచ్చింది. ఇచ్చేటప్పుడు ఒకటే మాట చెప్పారు: "అంకె రాసి ఊరుకోకమ్మాయ్. ఆ రోజు ఊళ్ళో ఏం జరిగిందో కూడా రాయి. అంకె ఎందుకలా ఉందో అంకెని అడిగితే చెప్పదు." అందుకని అన్నీ రాస్తున్నాను. ఆయన చదివి, "బావి సంగతి రాయమంటే మీ అమ్మమ్మ దగ్గుని కూడా రాశావే" అని నవ్వుతారు.

ఫాల్గుణ శుద్ధ దశమి పొద్దున, నీటి పంపకాలు చూసే జలసభ నుంచి లామో గారు వచ్చి తన చేత్తో కొలుస్తారు. నీరు ఎర్రగీత పైనుంటే దిగువ మకాం నుంచి ఇరవై కుటుంబాలను ఇక్కడికి పంపుతారు. లేకపోతే లేదు. ఆ ఇరవైలో మా అమ్మ ఉంది.

అమ్మ ఊపిరితిత్తుల వైద్యానికని నాలుగేళ్ళ కింద దిగింది. ఆరు నెలల్లో నయమైంది కూడా. కానీ ఊరు దిగినవాళ్ళ నీటి వాటా ఇంకొకరికి వెళ్ళిపోతుంది. గీత మీద నీరు నిలిచిన ఏడే కొత్తగా మనుషులు రావాలి. ఈ నాలుగేళ్ళూ ఫాల్గుణంలో నీరు గీతకు అందలేదు. నిరుడు బెత్తెడు తక్కువైంది.

ఇవాళ ఐదున్నర పైన. కారణం తెలియకపోయినా సంతోషంగానే ఉంది.

ఇంకో మాట, బావికి సంబంధం లేనిది. ఈ మధ్య నాకు మాటల పిచ్చి పట్టింది. అమ్మమ్మ నోట్లోంచి రాలిపడేవి ఏరుకుంటున్నాను. రేవు, పాయ, చెలమ, ఏటిగట్టు, పోటు, పాటు. వీటిలో ఒక్కదాన్నీ నేను చూడలేదు. మా ఊరి పేరు కొత్తలంక. లంక అంటే ఏటి మధ్యన మెరక అట. ఇక్కడ ఏరే లేదు. సముద్రం తీసేసుకున్న ఊరి పేరుకి ముందు 'కొత్త' అని చేర్చుకుని మావాళ్ళు ఈ కొండల్లోకి వచ్చారు.

చూడనివాటికి ఇన్ని మాటలున్నాయి. చూసేదానికి మాత్రం ఒక్కటే. ఆకాశం నుంచి పడేదీ మంచే, పొగలా కమ్మేదీ మంచే, నేల మీద గాజులా గడ్డకట్టేదీ మంచే. అందుకని నేనే పేర్లు పెడుతున్నాను. పొడిగా, బరువులేకుండా ఎగిరేది పేలాల మంచు. గింజలు గింజలుగా మొహాన కొట్టేది నూకమంచు. తడిగా, నెమ్మదిగా, ముద్దలుగా దిగేది ముద్దమంచు. రాత్రి పడింది ముద్దమంచు.


మాఘ శుద్ధ అష్టమి

నిన్న రథసప్తమి. ఇన్నేళ్ళూ ఎవరి డాబా మీద వాళ్ళం పాలు పొంగించుకునేవాళ్ళం. ఈ శీతాకాలం జలసభ మా ఊరికి మంచుబండి ఇచ్చింది. ముందు పెద్ద రేకు, వెనక తొట్టి. దాన్ని నడిపే ఏడుకొండలు మావయ్య వారం కిందటే ఊరికి మాటిచ్చాడు.

"ఈ ఏడు అందరూ మైదానంలోనే పొంగించుకోండి. నేల కనపడేలా గీకి ఇత్తాను, ఆయ్. మంచు రేణువు కనపడితే నన్నడగండి."

అన్నట్టే చేశాడు. బడి దగ్గర్నుంచి చూసే బావి దాకా మైదానమంతా రెండు రోజులు గీకి, ఆ మంచంతా తీసుకెళ్ళి తూర్పు లోయలో పోశాడు. వీధులు కూడా గీకాడు. నేను పుట్టాక మాఘంలో ఇంత నేల కనపడటం ఇదే మొదటిసారి. నల్లగా, చెమ్మగా ఉంది. ఆడవాళ్ళంతా దాని మీద రథం ముగ్గులు వేశారు. చిక్కుడాకులు దొరకవు కాబట్టి ముల్లంగి ఆకుల్లో జడలబర్రె పాల పరమాన్నం పెట్టారు.

అమ్మమ్మ నడుం మీద చెయ్యేసుకుని నిలబడి చూసింది. "ఇదే అమ్మడూ వాకిలంటే. ఈ రోజు మీ అమ్మ ఉండాల్సింది."

మా వాళ్ళకు వాకిలి ఊడవడం అంటే మంచు ఊడవడమే. తెల్లారగానే ప్రతి ఇంటి ముందూ చీపుర్లు, పారలు. మంచంతా తట్టలకెత్తి లోయలో పోసి, నేల కనపడ్డాక ముగ్గు. కొండవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుతారు. పడేదాన్ని పడనివ్వకుండా ఎందుకీ యుద్ధం అంటారు.

సాయంత్రం బావి చూశాను. ఎర్రగీతకు అర సెంటీమీటరు పైన. నాలుగు రోజుల్లో ఐదు సెంటీమీటర్లు దిగిపోయింది.

గాలి వల్లేమోనని చూశాను. మాస్టారు నేర్పిన మొదటి పాఠం అదే. బావి మూతకి సన్నని బెజ్జం ఉంటుంది. బయట గాలి బరువెక్కిన రోజు అది బెజ్జంలోంచి దిగి నీటిని నొక్కుతుంది, నీరు కొద్దిగా కిందికి పోతుంది. గాలి బరువు చూపే గోడ మీది గాలిముల్లు చూసి ఆ తేడా తీసేయాలి. తీసేశాను. అయినా నాలుగున్నర తగ్గింది.


మాఘ శుద్ధ ఏకాదశి

గీతకు నాలుగు కింద.

ఊరికి చెప్పక తప్పలేదు. చెప్పగానే అందరూ స్నానాల మీద పడ్డారు. నీళ్ళు ఎక్కువ వాడేస్తున్నామని, ఫాల్గుణ దశమి దాకా స్నానాలు బంద్ అని పెద్దలు తీర్మానించారు. ఇప్పుడు ఊరంతా ఒకరికొకరు బారెడు దూరంలో నిలబడి మాట్లాడుకుంటున్నారు.

"నీ బావి కోసం తానం మానేశాను పిల్లా," అన్నాడు ఏడుకొండలు మావయ్య. "మీ అత్త నన్ను బండి దగ్గరే పడుకోమంటాంది. బండి కూడా వద్దంటాదేమోనని భయంగా ఉంది."

ఇవాళ రేడియో మా ఇంటి వంతు. ఏకాదశికి ఏకాదశికి బడిలో ఉన్న రేడియోలో అమ్మతో మాట్లాడొచ్చు. పొద్దున్నే వెళ్ళాను. అమ్మ ముందు నా చదువు అడిగింది, తర్వాత అమ్మమ్మ మోకాళ్ళు అడిగింది. బావి గురించి అడగలేదు. అడగదు. అడిగితే నేను చెప్పాల్సి వస్తుందని ఆమెకు తెలుసు.

చివర్లో ఎప్పుడూ అడిగేదే అడిగింది. "ఆ కిటికీ తెరవవే."

తెరిచి, మైకు కిటికీలో పెట్టాను. వీధంతా చీపుర్ల చప్పుడు. కొన్ని బరబరమని, కొన్ని చురుచురుమని. మా అమ్మమ్మ చీపురు రెండు ఊడ్పులకోసారి ఆగుతుంది, దగ్గుకోసం. అమ్మ అది విడిగా గుర్తుపడుతుంది. మకాంలో రేకుల షెడ్లు వరసగా ఉంటాయట, ఊడ్చుకోవడానికి వాకిళ్ళు లేవట. చాలాసేపు వింది.

"ఇంక ఉంటానే," అంది. గొంతు బాగానే ఉంది. నేను మైకు తీసి, కిటికీ మూశాను.

'ఎదురుచూపు' అనే మాటలో చూపు ఎందుకుందో ఇవాళ ఆలోచించాను. నేను అమ్మను చూసి నాలుగేళ్ళయింది. వినడమే ఉంది.


మాఘ బహుళ చవితి

గీతకు ఏడు కింద. స్నానాలు మానేసి ఇన్ని రోజులైనా బావికి పట్టలేదు.

కానీ ఇవాళ రాయాల్సింది అది కాదు.

మధ్యాహ్నం అమ్మమ్మ ముల్లంగి ఊరగాయ జాడీ తీసింది. ఉప్పులో వేసిన ముక్కల మీద చెక్క బిళ్ళ, దాని మీద గుండ్రాయి. రాయి బరువుకి ఊట పైకొచ్చి బిళ్ళ అంచుల మీదుగా నిలబడి ఉంది. అమ్మమ్మ నన్ను రాయి తియ్యమంది. తీశాను. ఊట నెమ్మదిగా ముక్కల్లోకి దిగిపోయింది.

"మళ్ళీ పెట్టు," అంది. "ఊట పైకి రాకపోతే బూజు పడద్ది."

పెట్టాను. ఊట పైకొచ్చింది. మళ్ళీ తీశాను.

"ఏంటే ఆ ఆట? అది జాడీయా, బొంగరమా?"

జాడీలో నీళ్ళు ఎవరూ పొయ్యలేదు, ఎవరూ తియ్యలేదు. పైన బరువు పెడితే లేచాయి, తీస్తే దిగాయి.

చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా మాస్టారింటికి పరిగెత్తాను. మంచంలోనే ఉన్నారు. జాడీ సంగతి చెప్పాను. రాళ్ళబంక ఊరగాయ ముక్కల్లాంటిదేమో, పైన పడిన మంచు గుండ్రాయిలాంటిదేమో అన్నాను. గాలి అయితే బెజ్జంలోంచి దిగి నీటినే నొక్కుతుంది. మంచు అలా కాదు, బావి చుట్టూ ఉన్న నేలంతటినీ నొక్కుతుంది. నేల నొక్కుకుంటే లోపలి నీరు ఎక్కడికి పోతుంది? బావిలోకి లేస్తుంది.

ఆయన నా చేత ఈ ఏటి అంకెలన్నీ చదివించారు. ప్రతి అంకె పక్కనా నేను రాసిన ఊరి సంగతి కూడా చదవమన్నారు. మంచు పడింది: నీరు లేచింది. బండి తిరిగింది: నీరు దిగింది. ప్రతిసారీ.

"మనం బావిలోకి చూస్తున్నాం అనుకున్నాను ఇన్నేళ్ళూ," అన్నారు. "బావి మన వాకిళ్ళను చూస్తోందన్నమాట."

"మరైతే ఎర్రగీత అబద్ధమా మాస్టారూ? మంచు ఉంటే పైన, లేకపోతే కిందా?"

"కాదమ్మాయ్. ఆ గీత గీసినప్పుడు ఇక్కడ మనం లేం. ఊడ్చేవాళ్ళు లేరు. శీతాకాలం మంచంతా నేల మీదే ఉండేది, చైత్రంలో కరిగి గుంటల్లో నిలిచి, కొంచెం కొంచెం లోపలికి పాకేది. అంటే ఆ గీత కిందున్న నీటినీ, పైనున్న మంచునీ కలిపి గీసింది. ఉన్నదీ, రాబోయేదీ కలిపి." ఆగి, దగ్గి, అన్నారు: "రాబోయేదాన్ని మనం రోజూ పొద్దున్నే ఊడ్చి లోయలో పోస్తున్నాం."


మాఘ బహుళ దశమి

నమ్మకం కోసం ఒక పరీక్ష చేశాం. సప్తమి నాడు నూకమంచు పడితే బండి తియ్యొద్దని ఏడుకొండలు మావయ్యని బతిమాలాను. బావి ఒకటిన్నర లేచింది. లేచి అక్కడే నిలబడింది.

ఇవాళ బడిలో ఊరి కూటం. మాస్టారిని కుర్చీతో సహా మోసుకొచ్చారు. నేను జాడీని కూడా తీసుకెళ్ళి అందరి ముందూ రాయి పెట్టి తీసి చూపించాను. ఇప్పుడు గీతకు ఐదున్నర కింద ఉన్నామనీ, ఫాల్గుణ దశమి దాకా ఎవరూ మంచు తియ్యకపోతే, పడేది పడితే, అందే అవకాశం ఉందనీ చెప్పాను.

మొదట లేచింది ఏడుకొండలు మావయ్య. "అంతేనా? దీనికింత బాధెందుకు? లోయలో పోసిందంతా నేను మళ్ళీ ఎత్తుకొచ్చి పోత్తాను. మూడు రోజులు చాలు. గీత దాటిద్ది, ఇరవై ఇళ్ళోళ్ళూ వత్తారు, నేను తానం చేత్తాను."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో నేనూ ఉన్నాను. నిజానికి ఆ మాట నాకు అంతకుముందే తట్టింది.

"ఎంత తీశావురా?" అన్నారు మాస్టారు.

"ఎవరు లెక్కెట్టారండీ?"

"మరి ఎంతని పోస్తావు?"

"గీత దాటేదాకా."

"అదే. గీత దాటేదాకా పోస్తావు. దాన్ని కొలత అనరు, కోరిక అంటారు. ఆ కోరికని నమ్మి ఇరవై కుటుంబాలు వస్తే, వాళ్ళ గొంతులు ఏం తాగుతాయి?"

ఏడుకొండలు మావయ్య కూర్చున్నాడు.

తర్వాత అమ్మమ్మ లేచింది. ఊడవద్దన్న మాట ఆమెకు మింగుడు పడలేదు. "నాకు మీ నొక్కుళ్ళూ లేపుళ్ళూ తెలవ్వు. ఊడవని వాకిలంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని. పొయ్యి ఎలగలేదని. మా లంక ములిగిన రోజున, గట్టు దాకా నీళ్ళొచ్చేసినా, పడవెక్కే ముందు నేను వాకిలి ఊడ్చి ముగ్గెట్టి మరీ ఎక్కాను. సముద్రం వచ్చినా సరే, మనుషులున్న ఇంటికొచ్చానని తెలియాలని." నా వైపు తిరిగింది. "మీ అమ్మ వచ్చేసరికి వాకిలి అలా పాడుబడి ఉండాలా?"

ఊరిలోని ముసలమ్మలందరి మొహాల్లోనూ అదే ప్రశ్న ఉంది. చివరికి పెద్దలు ఫాల్గుణ దశమి దాకా చీపురు పట్టొద్దని తీర్మానించారు. స్నానాలు మాత్రం చేయొచ్చన్నారు. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.


మాఘ బహుళ ఏకాదశి

పొద్దున అమ్మమ్మ అలవాటుగా లేచి, చీపురు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది. కాసేపు నిలబడింది. వెనక్కొచ్చి ఇల్లంతా ఊడ్చింది. ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడ్చింది.

బడికి వెళ్ళాను. అమ్మ, నా చదువు, అమ్మమ్మ మోకాళ్ళు. తర్వాత కిటికీ.

తెరిచాను. బయట ఏ చప్పుడూ లేదు.

"హైమా," అంది అమ్మ. గొంతు మారిపోయింది. "ఎవరు పోయారే?"

"ఎవరూ పోలేదమ్మా."

"నిజం చెప్పు. అమ్మమ్మ ఏది?"

"అమ్మమ్మ బాగానే ఉంది. ఇల్లు ఊడుస్తోంది, రెండోసారి." గబగబా అంతా చెప్పాను. మంచు, బరువు, జాడీ, గీత. నాలుగేళ్ళలో మొదటిసారి బావి గురించి అమ్మతో మాట్లాడాను. లోయలోని మంచు తెచ్చి పోస్తే గీత దాటుతుందనీ, అలా చేయకూడదని మాస్టారన్నారనీ కూడా చెప్పాను. చెప్పి ఊరుకున్నాను. ఆమె ఏమంటుందోనని.

"నాకిక్కడ రోజుకి ఒక డబ్బా నీళ్ళు," అంది అమ్మ. "డబ్బాలో అడుగున ఎంతుందో వేలు ముంచి చూసుకుని పడుకుంటాను. పైనుంచి చూస్తే ఎప్పుడూ నిండుగానే కనపడుద్ది." తర్వాత అడిగింది: "అక్కడ నిజంగా నీళ్ళున్నాయా అమ్మడూ?"

"తెలీదమ్మా."

"అయితే కొలువు."

కిటికీ మూయమని చెప్పలేదు. నేనూ మూయలేదు. ఇద్దరం ఆ నిశ్శబ్దాన్నే విన్నాం.


ఫాల్గుణ శుద్ధ విదియ

గీతకు నాలుగు కింద.

పేలాల మంచు రెండుసార్లు పడింది. చూడటానికి మోకాలెత్తు, తూస్తే ఏమీ లేదు. ఒక్కోసారికి ముప్పావు సెంటీమీటరు లేచింది బావి. ఇదివరకు ఈ మాటలు ముద్దుకోసం పెట్టుకున్నాను. ఇప్పుడు మాస్టారు కూడా వాటినే వాడుతున్నారు. "ఇవాళ పేలాలా, నూకా?" అని అడుగుతారు. అంకె పక్కన ఆ పేరు రాయమన్నారు. నేను చేసిన మాటకు పని దొరికింది. ఇంతకన్నా పెద్ద సంతోషం నాకు తెలియదు, ఒకటి తప్ప.

ఊళ్ళో నడవడానికి బల్లచెక్కలు పరిచారు. వాకిళ్ళు ఎత్తయ్యాయి. ఇళ్ళలోకి ఒక మెట్టు దిగాల్సి వస్తోంది. ముసలమ్మలు గుమ్మాల్లో కూర్చుని వీధిలోకి చూస్తారు, పరాయి ఊళ్ళో దిగినట్టు.


ఫాల్గుణ శుద్ధ నవమి

సాయంత్రం. గీతకు ఒకటిన్నర కింద.

లామో గారు మధ్యాహ్నమే వచ్చారు. బడిలో దిగారు. ఆమెది ఈ కొండలే, తెలుగు మా పుస్తకాల్లోంచి నేర్చుకున్నారు. మేం రాసినదంతా ఓపిగ్గా చదివారు. జాడీ కూడా చూశారు. రాయి స్వయంగా తీసి పెట్టారు.

"చాలా బాగుంది హైమ గారూ. మంచు విషయం నా నివేదికలో తప్పక రాస్తాను. వచ్చే సంవత్సరం జలసభ గీతను మళ్ళీ ఆలోచించవచ్చు. రేపు మాత్రం టేపు ఏది చెబితే అదే రాస్తాను. నాకు వేరే అధికారం లేదు."

వచ్చే సంవత్సరం అన్న మాట నా చెవిలో చాలాసేపు ఉండిపోయింది.

ఆమె విశ్రాంతికి వెళ్ళాక బావి దగ్గరికి వచ్చాను. మళ్ళీ కొలిచాను, ఏదో మారుతుందన్నట్టు. ఒకటిన్నర. నా బొటనవేలి వెడల్పు కూడా లేదు.

వెనక బండి చప్పుడు వినిపించింది. ఏడుకొండలు మావయ్య తొట్టి నిండా లోయమంచు వేసుకొచ్చాడు. ఇంజను ఆపకుండానే తల బయటపెట్టాడు.

"చీకటి పడేలోపు పాతిక తొట్లు తెత్తాను. చుట్టూ పలచగా జల్లేత్తాను, ఆవిడకేం తెలవదు. నువ్వు ఊఁ అను చాలు."

నేను బావి మూత మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

"మనం తీసిందే కదే. మనది మనం పెట్టుకుంటే దొంగతనం ఎలాగవుద్ది?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: "మీ అమ్మ పడవ నేను నడిపాను, లంక నుంచి వచ్చేటప్పుడు. అప్పుడు మీ అమ్మ నీకంటే చిన్నది. నాకూ చూడాలనుంది."

ఊఁ అనడానికి ఊపిరి కూడా అక్కర్లేదు, పెదవులు కూడా తెరవక్కర్లేదు. మా భాషలో అంత తేలికైన మాట ఇంకొకటి లేదు. అది నా గొంతు దాకా వచ్చింది. కిటికీ దగ్గర నిలబడి చూసే అమ్మ, ఊరి మలుపు తిరిగే అమ్మ, నా పొడుగు చూసి ఆశ్చర్యపోయే అమ్మ, అన్నీ దాని వెనకే వచ్చాయి. వాటి వెనక డబ్బాలో వేలు ముంచి చూసుకునే అమ్మ వచ్చింది.

"వద్దు మావయ్యా," అన్నాను.

ఇంజను ఆపేశాడు. బండి దిగి, బావి పక్కన మంచులో చతికిలబడ్డాడు.

"మొండి పిల్లవే," అన్నాడు. "మీ అమ్మా అంతే. పడవలో చోటు లేదంటే చీపురొక్కటీ వదల్లేదు." ఇద్దరం నవ్వాం. కళ్ళు తుడుచుకున్నాం. చలికి అనుకోవచ్చు.

ఇంటికొచ్చేసరికి అమ్మమ్మ రోట్లో ఏదో దంచుతోంది. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. బొగ్గు.

"ఏంటమ్మమ్మా ఇది?"

"ఒక సంగతి చెప్పు. ముగ్గుకి బరువెంతే?"

"అంటే?"

"అంటే ఏంటి, ముగ్గెడితే నీ బావి దిగిద్దా, లేత్తాదా?"

"దానికి తెలిసేంత బరువుండదు."

"మరి మంచు తియ్యకుండా, మంచు మీదే ఎట్టుకుంటే నీకేం నట్టం? నల్ల నేల మీద తెల్ల ముగ్గెట్టాం ఇన్నాళ్ళూ. తెల్ల నేల మీద నల్ల ముగ్గెడతాను." రోకలి ఆపలేదు. "పక్కింటోళ్ళకీ చెప్పాను. అందరూ బొగ్గులే దంచుతున్నారు. మలుపు తిరగ్గానే అవుపడాలి, ఇక్కడ మనుషులున్నారని. వచ్చేవాళ్ళు రేపొచ్చినా, ఎప్పుడొచ్చినా."

నేనూ రోలు దగ్గర కూర్చున్నాను. వీధంతా రోకళ్ళ చప్పుడు. ఎల్లుండి ఏకాదశి. అమ్మకు కిటికీ తెరిచి ఇది వినిపించాలి.

ఇది రాస్తుండగా ఆకాశం కిందికి దిగింది. గాలి ఆగిపోయింది. గుమ్మంలోకి వెళ్ళి చెయ్యి చాపాను. అరచేతిలో పడింది వెంటనే ఎగరలేదు, విరగలేదు. తడిగా, బరువుగా అంటుకుని నిలబడింది.

ముద్దమంచు.

రాత్రంతా పడుతుందో, గంటలో ఆగుతుందో తెలియదు. పడినంతా బావి తూస్తుంది. మైదానం మీద పడేదీ, డాబాల మీద పడేదీ, బడిలో నిద్రపోయే లామో గారి కప్పు మీద పడేదీ అన్నీ కలిపి తూస్తుంది. ఏనాడైనా అమ్మ ఆ మలుపు తిరిగి ఈ నేల మీద కాలు పెడితే, ఆ బరువు కూడా తూస్తుంది. అంత చిన్న తేడాని చదవగల టేపు మాత్రం ఎక్కడా లేదు. అయినా ఆ రోజు నేను టేపు వదిలి చూస్తాను.

రేపు తెల్లవారకముందే లేవాలి. అలవాటు కొద్దీ ఎవరైనా చీపురు తీస్తే ఆపాలి. అమ్మమ్మ ముగ్గు మొదలుపెట్టేలోపు బొగ్గుపొడి జల్లెడ పట్టి ఇవ్వాలి. తర్వాత బల్లచెక్కల మీదుగా లామో గారి వెంట బావి దగ్గరికి వెళ్ళి, మూత మీది మంచును పక్కకి దులపకుండా, మూతతో సహా మెల్లగా ఎత్తి పట్టుకుంటాను. టేపు ఆమె వదులుతారు. కూత ఎక్కడ వస్తే అక్కడే నేనూ వేలు పెడతాను.